ఎస్తేరు పేరు మీద కార్డు

హిందూపురం,
16 జూన్ 2024, ఆదివారం.

అన్నకు,

సువార్త రాస్తున్నాను. చేతిలో ఫోన్ పెట్టుకొని ఉత్తరమేమిటి దీనికని నువ్వు కవరును తిప్పి తిప్పి చూస్తుంటావు. హాస్టల్ గదిలో ఆరుగురం ఉన్నాం. ఏ మూలకు పోయి మాట్లాడినా ఎవరో ఒకరి చెవిన పడుతుంది. ఇక్కడ అందరికీ నేను ఎస్తేరును. ఫోన్‌లో నువ్వు ఒక్కసారి 'సువార్తా' అన్నావంటే నా కొంప మునుగుతుంది. అందుకే కాగితం పట్టుకున్నాను. నా పేరు నేను రాసుకొని చాలా కాలమైంది.

విషయం చెప్తాను, తిట్టకు. క్రెడిట్ కార్డుకు పెట్టుకుంటున్నాను.

పదకొండేళ్ళుగా ఈ ఫ్యాక్టరీలో చొక్కాలకు కాలర్లు కుడుతున్నాను. గంటకు ఇన్ని అని లెక్క, తగ్గితే సూపర్‌వైజర్ నోటికి అడ్డూ ఆపూ ఉండదు. నా పక్క మిషన్ మీద హేమావతి అని గుమ్మఘట్ట పిల్ల ఉంది. మేమిద్దరం వచ్చే ఏడు ధర్మవరంలో ఒక గది తీసుకొని, పట్టుచీరలకు జాకెట్లు కుట్టి బతుకుదామని అనుకున్నాం. దానికి అంచులు కొట్టే మిషన్ కావాలి. నలభై రెండు వేలు. కార్డు ఉంటే ఆరు నెలల వాయిదాలు, వడ్డీ లేదు. లేకపోతే మొత్తం ఒకేసారి కట్టాలి.

బ్యాంకు నుంచి ఓబిలేష్ అని ఒకతను జీతాల రోజు గేటు బయట బల్ల వేసుకొని కూర్చుంటాడు. మూడు కార్డులు చూపించాడు. ఒకటి ఏడాదికి ఐదు వందలు, పెట్రోలుకు తగ్గింపు. నాకు బండే లేదు. ఇంకొకటి మన డబ్బే ముప్పై వేలు వాళ్ళ దగ్గర డిపాజిట్ పెడితే, ఏమీ అడగకుండా ఇచ్చేది. ఆ ముప్పై వేలు గది అడ్వాన్సుకు దాచుకున్నవి. మూడోది జీవితాంతం ఉచితం. అది తీసుకుంటానన్నాను. కంప్యూటర్లో చూసి "అక్కా, నువ్వు ఎప్పుడూ అప్పు చేసినట్టే లేదే, నీ చరిత్రంతా ఖాళీ. ఇట్లాంటోళ్ళకు మావాళ్ళు సొంతూరికి మనిషిని పంపి విచారిస్తారు" అన్నాడు.

అక్క చరిత్ర ఖాళీ కాక ఇంకేముంటుంది? పద్దెనిమిదేళ్ళకే జ్వరమొచ్చి పోయింది. నెల తిరగకముందే నాయన దాని పదో తరగతి సర్టిఫికెట్ నా చేతిలో పెట్టి "ఇంక నువ్వే ఎస్తేరు, ఎవరడిగినా పద్దెనిమిదని చెప్పు" అని ఈ గేటు దగ్గర వదిలిపోయాడు. నాకప్పుడు పదిహేను. ఆధార్ కూడా ఆ పేరుతోనే ఇక్కడే తీశారు. ముఖం నాది, వేలిముద్రలు నావి, పేరూ పుట్టినరోజూ అక్కవి.

నువ్వు చేయాల్సింది ఒక్కటే. ఎవరైనా వచ్చి ఎస్తేరు గురించి అడిగితే మా పిల్లే, హిందూపురంలో పని చేస్తుందని చెప్పండి. అమ్మకు చెప్పు. పక్కింటి బయమ్మత్తకు కూడా మరిచిపోకుండా చెప్పు.

నీ చెల్లెలు,
సువార్త

&nbsp;

యాడికి,
28 జూన్.

సువార్తకు,

నీకేమన్నా పిచ్చి పట్టిందా? ఉన్న గుట్టు ఉన్నట్టు ఉండనీయక, మనిషిని పంపి మన ఇంట్లో విచారించుకోమని నువ్వే పిలుచుకుంటావా?

కవరు మీద ఎస్తేరు అని రాయడానికి నాకు అర్ధగంట పట్టింది. పోయినదానికి ఉత్తరం రాస్తున్నట్టుంది. పోస్టాఫీసులో ఆదెన్న చూసి "ఎవరప్పా ఈ ఎస్తేరు?" అన్నాడు. తెలిసినవాళ్ళ పిల్ల అని చెప్పి బయటపడ్డాను. నా అక్కచెల్లెళ్ళలో ఎవరిని కాదన్నానో నాకే అర్థం కాలేదు.

ఈడ వానలేదు. మబ్బు పట్టడం, గాలికి కొట్టుకుపోవడం. వేరుశనగ విత్తనం ఇంట్లోనే ఉంది. బండల పాలిష్ షెడ్డులో వారానికి నాలుగు రోజులే పని. దుమ్ముకు మీ వదిన నా చొక్కాలను విడిగా ఉతుకుతోంది. అంచులు కొట్టే మిషన్ కావాలంటున్నావు, నువ్వు నాలుగు గోడల మధ్య కష్టపడింది చాలు, నీ సొంతానికి నువ్వు కుట్టుకుంటానంటే నేను కాదనను. కాదనే ముఖం నాకు లేదు. ఆ రోజు నాయనను ఆపగలిగిన వయసే నాది.

అమ్మకు చెప్పాను. పదకొండేళ్ళుగా ఆమె ఆ పేరు నోట పలకలేదు, నీకు తెలుసు. చాటలో బియ్యం ఏరుతోంది. అంతా విని, చెయ్యి ఆపకుండానే "ఒగ తూరి చెప్తే సాలునా?" అనింది. చాలమ్మా అన్నాను.

నీ అన్న,
జాకబ్

&nbsp;

హిందూపురం,
21 జూలై, ఆదివారం.

అన్నకు,

నువ్వు సరేనన్నావు, చాలు. ఈ నెల తొమ్మిదో తేదీ అక్క పుట్టినరోజు. ప్రతి ఏడూ ఇక్కడ మైకులో పేరు చదువుతారు, కేకు ముక్క చేతిలో పెడతారు. "ఎస్తేరుకు ఇరవై తొమ్మిది నిండాయి" అని చదివారు. లైనంతా చప్పట్లు కొట్టారు. అక్క అక్కడ పద్దెనిమిది దగ్గర ఆగిపోయింది, ఇక్కడ కాగితాల్లో ముప్పైకి వస్తోంది. కేకు హేమావతికి ఇచ్చేశాను. ఇన్నేళ్ళుగా తింటూనే ఉన్నాను, ఈసారి ఏమైందో తెలియదు.

ఆ మరుసటి రోజు బ్యాంకు నుంచి ఫోన్ వచ్చింది. ఒక అమ్మాయి గొంతు, బలే మర్యాద. "మాట్లాడేది ఎస్తేరు గారేనా?" అంది. అవునన్నాను. పుట్టిన సంవత్సరం చెప్పమంటే నోటికి తొంభై ఎనిమిది వచ్చేసింది! నాది! కాదు మేడమ్, తొంభై ఐదు, మిషన్ల చప్పుడులో తప్పు చెప్పానన్నాను. ఆ అమ్మాయి మళ్ళీ "మీరు ఎస్తేరు గారే కదా?" అంది. మళ్ళీ అవునన్నాను. పెట్టేముందు ఇంకోసారి అడిగింది. మూడుసార్లు అవునన్నాను అన్నా. ఆదివారం బడిలో మనం నేర్చుకున్నది ప్రభువెవరో తెలియదని మూడుసార్లు కాదన్నవాడి కథ. నాది అవునన్న కథ. తప్పు మాత్రం అదే అనిపించింది.

పది రోజుల్లో మనిషి వస్తాడట. బయమ్మత్తకు చెప్పావు కదా?

సువార్త

&nbsp;

యాడికి,
5 ఆగస్టు.

సువార్తకు,

ఒకటో తేదీన బ్యాంకు మనిషి వచ్చి పోయినాడు. అంతా బాగా జరిగింది. ఫోటో తీసుకున్నాడు.

నువ్వు వేళకు తింటున్నావా? ఒంట్లో నలతగా ఏమన్నా ఉందా? ఉంటే దాచకుండా రాయి. అమ్మ అడగమంటోంది.

జాకబ్

&nbsp;

హిందూపురం,
18 ఆగస్టు, ఆదివారం.

అన్నకు,

కార్డు వచ్చింది! మొన్న కొరియర్ అబ్బాయి హాస్టల్‌కు తెచ్చి ఇచ్చాడు. నలభై ఐదు వేల దాకా వాడుకోవచ్చు. హేమావతి దాన్ని చీర కొంగుతో తుడిచి "మిషన్ నలుపుది కాదే, పచ్చది తీసుకుందాం" అని గంతులేసింది. కార్డు మీద ఇంగ్లీషులో ఎస్తేరు అని అచ్చేసి ఉంది. వేలితో తడిమితే ఒక్కో అక్షరం తగులుతోంది.

సంతోషంగా ఉండాల్సిన మాట. ఉండనీయడం లేదు మీరు. అమ్మ రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేస్తోంది. "మాట్లాడు" అంటుంది. ఏం మాట్లాడాలమ్మా అంటే "ఏదో ఒగటి" అంటుంది. నేను మాట్లాడుతుంటే ఊపిరి బిగబట్టి వింటుంది, మారుమాట ఉండదు. మొన్న నేను బట్టలు ఆరేస్తుంటే హేమావతి ఫోన్ ఎత్తి "ఎస్తేరు మిద్దె మీద ఉండాది పెద్దమ్మా, ఎవురు కావల్ల?" అని అడిగిందట. అమ్మ కెవ్వుమని ఏడ్చి పెట్టేసిందట. ఏమైందే మీయమ్మకు, అని హేమావతి నన్ను అడుగుతోంది. ఏమని చెప్పను?

నీ ఉత్తరం నాలుగు వరుసలు. నువ్వు అన్ని తక్కువ మాటలు రాసేవాడివి కాదు. ఆ మనిషి వచ్చిన రోజు ఏం జరిగింది? నా మీద ఒట్టు, దాచకుండా రాయి.

సువార్త

&nbsp;

యాడికి,
30 ఆగస్టు.

సువార్తకు,

ఒట్టు పెట్టావు కాబట్టి రాస్తున్నాను. చదివి నన్ను ఎన్ని తిట్లయినా తిట్టు. అమ్మను మాత్రం ఒక్క మాట అనొద్దు.

బయమ్మత్తకు నేను చెప్పలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ మరిచిపోయాను. తప్పంతా అక్కడే ఉంది.

ఆ రోజు కరెంటు లేక షెడ్డు మూసేశారు, నేను ఇంట్లోనే ఉన్నాను. తిప్పేష్ అని చిన్నవయసు మనిషి, మెడలో కార్డు, బండి మీద వచ్చాడు. మన గుమ్మం ఎక్కకముందే బయమ్మత్తను అడిగాడు. ఆమె దాచుకునే మనిషి కాదు కదా. "ఎస్తేరా? ఆ పాప సచ్చిపాయ గదప్పా, ఎన్నేండ్లాయనో" అనేసింది. అతను అట్లే మన ఇంటికి వచ్చి, "అమ్మా, మీ ఎస్తేరు లేదంటాండారే?" అన్నాడు.

అమ్మ చేతిలోని చీపురు కింద పెట్టి లేచింది. ఎంత నిదానంగా చెప్పిందంటే, నేనే నమ్మేసేవాణ్ణి. "ఆ ముసిల్దానికి పేర్లు నిలబడవు నాయనా. నాకిద్దరు ఆడబిడ్డలు. పెద్దది ఎస్తేరు, హిందూపురంలో పన్జేస్తాండాది. సచ్చిపోయింది సిన్నది."

"ఆమె పేరేందమ్మా?" అన్నాడు.

"సువార్త."

"ఏమైనాది?"

"జరమొచ్చి."

అతను అన్నీ రాసుకున్నాడు. గుమ్మంలో అమ్మను నిలబెట్టి ఫోటో తీశాడు. పోతూ పోతూ, మంచివాడు పాపం, "బాధపడాకమ్మా, ఒగ బిడ్డయినా మిగిలింది గదా" అన్నాడు.

అతని బండి మలుపు తిరిగేదాకా అమ్మ అట్లే నిలబడింది. తర్వాత మంచం కోడు పట్టుకొని కూలబడింది. "నా నోటితో నేనే సంపుకుంటిని గదరా జాకబూ" అనింది. చెల్లెలి ఉద్యోగం కోసమే కదమ్మా అన్నాను. "మాట మాటే గదరా. రాసుకొనిపాయ గదా" అనింది. పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేశారు, అది అబద్ధమే కానీ శాపం కాదమ్మా అని చెప్పారు. వినలేదు. ఆ రోజు నుంచి సరిగా తినడం లేదు. నీకు ఫోన్ చేస్తే నీ పేరు పెట్టి పిలవకూడదు, ఎవరైనా వింటారు. పిలవకుండా నువ్వు నువ్వేనని ఎట్లా తెలుస్తుందంటుంది. అక్క గొంతూ నీ గొంతూ ఒకటేనట. చిన్నప్పుడు గోడ అవతలి నుంచి మాట్లాడితే ఎవరో తనకే తెలిసేది కాదట. ఇక హేమావతి ఫోన్ ఎత్తి ఎస్తేరు ఉండాదని చెప్పిందాయె. "సూడు, అదే ఉండాదంట. సిన్నది లేదంట" అని రోజంతా అదే మాట.

నేను పక్కనే ఉండి నోరు తెరవలేదు సువార్తా. అదే నన్ను తినేస్తోంది.

జాకబ్

&nbsp;

హిందూపురం,
15 సెప్టెంబర్, ఆదివారం.

అన్నకు,

చదవగానే నవ్వొచ్చింది. నిజంగా నవ్వాను. బతికుండగానే నాకు జ్వరమొచ్చి పోయిందన్నమాట. కాసేపటికి ఆ నవ్వు ఎటు పోయిందో తెలియలేదు.

ఒక సంగతి నేనూ దాచాను. ఆగస్టు ఒకటో తేదీ, సరిగ్గా ఆ రోజు, మధ్యాహ్నం అన్నం తిని మిషన్ దగ్గర కూర్చున్నాక చలి పుట్టింది. పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. నాలుగు రోజులు జ్వరం. హాస్టల్లో తొమ్మిదిమందికి వచ్చింది, నీళ్ళు మంచివి కావన్నారు. అందరికీ తగ్గింది, నాకూ తగ్గింది. దీనికీ అమ్మ మాటకూ ఏ సంబంధమూ లేదు. నాకు తెలుసు. అయినా అమ్మ ఆ మాట అన్నది ఆ రోజేనని నీ ఉత్తరంతో తెలిసినప్పటి నుంచి మాటిమాటికీ నుదురు తడిమి చూసుకుంటున్నాను. ఇది అమ్మకు చెప్పకు. చెప్పావంటే ఆమె బతకదు.

కార్డు ఇంకా వాడలేదు. వాడే ముందు దాని వెనక సంతకం పెట్టాలి. అక్క పేరు పదకొండేళ్ళుగా జీతం పుస్తకంలో పెడుతూనే ఉన్నాను, చెయ్యి దానంతటదే పోయేది. ఇప్పుడు పెన్ను పట్టుకుంటే పక్కన ఎవరో కూర్చొని చూస్తున్నట్టుంది. నూనె రాసుకున్న అక్క జడ వాసన కూడా వస్తోంది. నిన్న ఉండబట్టలేక "ఎస్తేరక్కా, నీకేం కావాలి?" అని పైకే అడిగేశాను. హేమావతి విని "నిన్ను నువ్వే అక్కా అంటాండావేమే, ఎండ కొట్టిందా?" అని పకపకా నవ్వింది.

భయపడి ఎంతకని వెనక్కి పోను? నిజం చెప్తే పదకొండేళ్ళ పీఎఫ్ పోతుంది, పని పోతుంది. సువార్త పేరుతో నా దగ్గర ఒక్క చీటీ ముక్క లేదు. మిషన్ కొంటాను. అమ్మకు నేను బాగున్నానని చెప్పు. అంతకంటే ఏం చేయగలను?

సువార్త

&nbsp;

యాడికి,
28 సెప్టెంబర్. అమ్మ చేతికిచ్చి పంపుతున్నాను.

సువార్తకు,

జ్వరం సంగతి నేను అమ్మకు చెప్పేశాను. దాచలేకపోయాను. ఏమన్నా దాస్తున్నావా అని రోజూ నా ముఖంలోకి చూస్తుంటే నాతో కాలేదు. ఏ రోజు వచ్చిందని అడిగింది, చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. చీర మార్చుకొని "నేను పోయి సూడల్ల" అనింది. నేను వస్తానంటే వద్దంది. అనంతపురం దాకా తోడు వచ్చి హిందూపురం బస్సు ఎక్కిస్తున్నాను. ఫోన్ చేస్తే నువ్వు వద్దంటావని చేయలేదు.

ఆమెకు హాస్టల్ తెలియదు, ఫ్యాక్టరీ పేరు మాత్రం చీటీ మీద రాసిచ్చాను. ఎట్లా మాట్లాడాలో చెప్పాను. ఎస్తేరు అని అడగమన్నాను. బదులు చెప్పలేదు.

జాకబ్

&nbsp;

హిందూపురం,
30 సెప్టెంబర్.

అన్నకు,

అమ్మ నా దగ్గరే ఉంది. రెండు రోజులుగా కడుపునిండా తింటోంది. ఇప్పుడు హేమావతి మంచం మీద కూర్చొని ఆ పిల్లకు పేలు చూస్తోంది.

ముందు జరగాల్సినవి చెప్తాను. ఈరోజు పొద్దున మేనేజర్ మేడమ్ పిలిచింది. అంతా చెప్పాను. ఆమె చాలాసేపు కాగితాలు తిప్పి, సరైన పత్రాలు తెచ్చేదాకా లైన్లోకి రావద్దంది. పీఎఫ్ వస్తుందో రాదో పైవాళ్ళు తేలుస్తారట. అక్కడి నుంచి కార్డు పట్టుకొని బ్యాంకులో ఓబిలేష్ దగ్గరకు పోయాను. ఒక్క రూపాయి వాడలేదు కాబట్టి బతికిపోయావక్కా అని, మూసేయడానికి కాగితం రాయించుకున్నాడు. పాపం అతని ముఖం పాలిపోయింది. నా సొంత పేరు మీద ఇంకొకటి ఇస్తావా అంటే "ముందు పేరు తెచ్చుకోక్కా" అన్నాడు. నువ్వు మన బడికి పోయి నేను ఎనిమిదో తరగతి దాకా చదివినట్టు రాయించుకొని రా. పంచాయతీలో అక్క పోయిందని కూడా రాయించాలి. నువ్వు చెప్పక్కర్లేదు, తానే వచ్చి చెప్తానంటోంది అమ్మ. పెద్దదాన్ని ఇన్నేళ్ళు పోనీయకుండా పట్టుకొని కూర్చున్నామంది. హేమావతి మాట్లాడడం మానేస్తుందనుకున్నాను. ఒక పూట అలిగింది, అంతే. ధర్మవరం ఒక ఏడాది ఆగుతుంది, ఎక్కడికీ పోదంది.

ఇక శనివారం సంగతి. సాయంత్రం ఐదున్నరకు షిఫ్టు వదిలారు. గేటు దగ్గర సంచులు తనిఖీ చేస్తారు కదా, ఆ వరుసలో నిలబడి ఉన్నాను. ముందు నూరుమంది. గేటు అవతల అమ్మ గొంతు వినిపించింది.

"సువార్త ఉండాదా నాయనా? నా కూతురు. సువార్త."

సెక్యూరిటీలో జయరాముడు అని పెద్దాయన, ఓపికగలవాడు. ఆ పేరుతో ఎవరూ లేరమ్మా అన్నాడు. "ఉండాది, సరిగా సూడప్పా" అంది అమ్మ. ఆయన రిజిస్టరు తీసి పేజీలు తిప్పడం మొదలుపెట్టాడు.

నీకు నిజం చెప్తున్నాను అన్నా, నేను పలకలేదు. పీఎఫ్, మిషన్, జీతం, అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందు తిరిగాయి. అమ్మను చూసి తల దించుకున్నాను. ఎవరో పిచ్చిది పాపం అని నా వెనక ఎవరో అన్నారు. దానికి కూడా పలకలేదు. ఆయన ఒక పేజీ తిప్పాడు, ఇంకొక పేజీ తిప్పాడు, చివరికి వేలు పెట్టి చూసి "లేదమ్మా. సువార్త అనే మనిషి ఈడ లేదు" అన్నాడు.

అమ్మ గేటు కమ్ములు పట్టుకొని మెల్లగా కిందికి జారింది. అరవలేదు. "లేదంట" అని తనలో తాను అనుకుంది. "లేదంట. లేదంట."

ఎట్లా తోసుకొని పోయానో గుర్తులేదు. సంచి ఎక్కడో పడిపోయింది. కమ్ముల మధ్య నుంచి చెయ్యి బయటికి పెట్టి అమ్మ భుజం పట్టుకున్నాను.

"అమ్మా, నేనుండా. సువార్తను."

అమ్మ తలెత్తి నా ముఖాన్ని చూసింది. చూసింది చాలలేదు. "ఎవురు?" అంది.

"సువార్తను."

"ఇంగోసారి చెప్పు."

చెప్పాను. సూపర్‌వైజర్లు ఉన్నారు, మా లైనంతా ఉంది, హేమావతి నోరు తెరుచుకొని నిలబడి ఉంది. అమ్మ మళ్ళీ అడిగింది. అడిగినన్ని సార్లూ నా పేరు చెప్తూనే ఉన్నాను, అందరూ విన్నారు.

సువార్త